పండ్ల దవాఖాన

గౌలిగూడ బస్టాండులో ఆ పెద్ద రేకుల గుమ్మటం కింద ఒక మూలకు మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. 1986 మార్చి నెల. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు నుంచి తెల్లారగట్ల బయలుదేరిన బస్సు ఎప్పుడో వచ్చేసినట్టుంది. పక్కన సంచిలో మెత్తగా పిసికిన పెరుగన్నం గిన్నె. అప్పటికి నాలుగేళ్ళుగా ఆమె తిండి అంతే. జొన్నరొట్టె మీద ఆశ చావక చారులో నానబెట్టుకుని మింగేది.

కొంగు అడ్డం పెట్టుకోవడం ఆమెకు కొత్త కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ అలాగే నవ్వేది. మొదట్లో పండ్ల మీది గోధుమరంగు చారలు ఎవరికీ కనబడకూడదని. యాభై దాటాక ఆ పండ్లు ఒక్కొక్కటే కదిలి ఊడిపోయాయి. అప్పుడిక బోసినోరు కనబడకూడదని.

అప్పట్లో నేను అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో చిన్న ఉద్యోగిని. 1891లో అసఫియా గ్రంథాలయంగా పుట్టి, మూసీ ఒడ్డున ఇప్పుడున్న రాతి భవనంలోకి చేరిన పుస్తకాల ఇల్లు అది. పక్కనే ఉస్మానియా దవాఖాన, దాన్ని ఆనుకుని ప్రభుత్వ దంత వైద్య కళాశాల. రిక్షావాళ్ళకు ఆ పేరు చెబితే తెలియదు. "పండ్ల దవాఖాన" అంటేనే బండి కదిలేది. మధ్యాహ్నం టీకి బయటికి వచ్చినప్పుడల్లా, చెంప వాచినవాళ్ళు, దవడ చుట్టూ రుమాలు కట్టుకున్నవాళ్ళు, చేతిలో చీటీ పట్టుకుని దారి అడుగుతూ నాకు ఎదురయ్యేవాళ్ళు. పదేళ్ళు వాళ్ళకు దారి చూపించాను. మా అమ్మను అక్కడికి తీసుకుపోవాలని తట్టడానికి మాత్రం పదేళ్ళు పట్టింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. మొదట ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయి అడిగాను. రెండు దవడలకూ పండ్ల సెట్టు కట్టడానికి ఆయన చెప్పిన ఖర్చు నా రెండు నెలల జీతం. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను.

దవాఖానలోకి పోయే ముందు అమ్మను ఉస్మానియా ఆవరణలోని పెద్ద చింతచెట్టు కింద కూర్చోబెట్టాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పాను. అమ్మ చెట్టుకు దండం పెట్టింది. వరదలో కొట్టుకుపోయిన పాత అఫ్జల్‌గంజ్ దవాఖాన చోట తర్వాత విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఇప్పటి గుమ్మటాల భవనం లేచింది. కానీ ఇక్కడ వైద్యం నేర్పడం ఆ వరదకన్నా పాత సంగతి. 1846లోనే హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంలో వైద్య పాఠశాల మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే పండ్ల వైద్యుడు ఒక రోగికి ఈథర్ పీల్పించి, నొప్పి తెలియకుండా మెడ మీది కణితి కోయించాడు. ప్రపంచానికి మత్తు వైద్యాన్ని చూపించినవాడు పండ్లు పీకే మనిషే. ఇందులో ఆశ్చర్యం లేదు. రోగి కేకలు చెవిదగ్గర వినేది అతనే కదా.

మత్తు కథ మళ్ళీ హైదరాబాదుకు కూడా వచ్చింది. 1888లోనూ 1889లోనూ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదల మీద, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్న ప్రశ్న మీద లండన్ నుంచి కూడా ఒక వైద్యుడు ఓడెక్కి వచ్చాడు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ ఈ పనిలో పాలుపంచుకుంది. మత్తు ఇచ్చే వైద్యంలో తొలి మహిళల్లో ఆమె పేరు చెబుతారు. అంత పెద్ద శాస్త్ర చర్చ జరిగిన ఊళ్ళోనే పన్ను నొప్పి వచ్చినవాడు మాత్రం ఇంకా ఫుట్‌పాత్ మీద కూర్చునే పన్ను తీయించుకుంటున్నాడు. మత్తు లేదు, మందు లేదు. వైద్యశాస్త్రం చాలాకాలం నోటిని శరీరంలో భాగంగా లెక్కపెట్టలేదు. పన్ను మంగలి పని, సంత పని, ఇంటి చిట్కా పని.

ఆ చిట్కాలన్నీ మా ఇంట్లో ఉండేవి. పొద్దున యాపపుల్ల, లేకపోతే కానుగపుల్ల. పొయ్యిలోని బొగ్గు, కచ్చిక, ఉప్పు. నొప్పి పుడితే లవంగం నలిపి దవడ కింద పెట్టేవాళ్ళు. కొంచెం కలిగినవాళ్ళ ఇళ్ళల్లో కన్నడదేశం నుంచి వచ్చిన నంజనగూడు పండ్లపొడి ఉండేది. ఆ గులాబీరంగు పొట్లాం పట్టుకుని మా మేనమామ చాలా గర్వపడేవాడు. లవంగాన్ని ఎవరూ తేలిగ్గా చూడనక్కరలేదు. దానిలోని యూజినాల్ నూనె నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది. డెంటల్ కాలేజీలోకి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే వాసన కూడా అదే. జింకు ఆక్సైడు పొడిలో యూజినాల్ కలిపిన సిమెంటును ప్రపంచమంతా పుచ్చుపండ్లలో కూరుతారు. ఆ వాసన రాగానే అమ్మ "పోపు వేస్తున్నరా బిడ్డా?" అని అడిగింది.

మా నాయనకు ఈ దవాఖాన దొరకలేదు. 1961లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, సంతలో ఒకతను ఆయన దవడపన్ను పటకారుతో లాగాడు. పైముక్క విరిగి వచ్చింది, వేళ్ళు లోపలే ఉండిపోయాయి. పదిరోజులు జ్వరం, గొంతుదాకా వాపు. బతికాడు గానీ ఆ దవడ పూర్తిగా తెరుచుకోలేదు. ముద్ద చిన్నది చేసి పక్కనుంచి లోపలికి నెట్టుకునేవాడు. పన్ను లాగిన మనిషిని నేను ఎప్పుడూ తిట్టుకోలేదు. అతనికి ఎవరు నేర్పారు? అతను తీసుకున్నది కూడా ఒక శేరు జొన్నలు.

నయాపూల్ దగ్గర ఫుట్‌పాత్ మీద గుడ్డపరిచి, దాని మీద పీకిన పండ్లు కుప్పపోసి, సీసాల్లో రంగునీళ్ళు, పింగాణీ పండ్లు, పటకార్లు పేర్చుకుని కూర్చునేవాళ్ళను నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ చూసేవాణ్ణి. ఒక పన్ను ఊడినవాడు ముందు కూర్చుంటే గులాబీరంగు అక్రిలిక్ ముద్ద కలిపి, కొత్తపన్నును పక్కపండ్లకు అక్కడికక్కడే అతికించేవాళ్ళు. అరగంటలో నవ్వుతూ పోయేవాడు. ఆ అతుకు కింద ఎంగిలి చేరి, చిగురు కుళ్ళి, మంచిపండ్లు కూడా ఆరునెలల్లో కదిలేవి. కొన్ని ఊళ్ళలో చైనావాళ్ళ పండ్ల దుకాణాలు కూడా ఉండేవి. చైనాలోని హుబే ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇదే పని చేస్తూ కలకత్తాలోనూ ఇతర నగరాల్లోనూ స్థిరపడ్డాయి. వాళ్ళు తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్న పనివాళ్ళు, చేతివాటం ఉన్నవాళ్ళు. ఫుట్‌పాత్ వాళ్ళతో కలిపి చెప్పడం వాళ్ళకు అన్యాయం.

ఇంగ్లండులోనూ కథ ఇలాగే మొదలైంది. 1858లో లండన్ సోహో స్క్వేర్‌లో డెంటల్ హాస్పిటల్ తెరిచారు, మరుసటి ఏడాదే దానికి పాఠశాల జతచేశారు. పేదవాడు డబ్బివ్వకుండా వైద్యం చేయించుకుంటాడు, విద్యార్థి అతని నోట్లో పని నేర్చుకుంటాడు. అమెరికాలో అంతకుముందు 1840లోనే బాల్టిమోర్‌లో హొరేస్ హేడెన్, చాపిన్ హారిస్ ప్రపంచంలో తొలి దంత కళాశాల పెట్టారు. కాలేజీ అన్నాక నోళ్ళు కావాలి. బొమ్మతలల మీద ఎంత సాధన చేసినా బొమ్మకు లాలాజలం ఊరదు, నాలుక అడ్డం రాదు, భయపడి చేయి పట్టుకోదు. డబ్బున్నవాడు నేర్చుకునేవాడి చేతికి నోరు అప్పగించడు. అందుకని ఈ చదువు పుట్టిన నాటి నుంచి పేదవాడి నోరే పలక. తక్కువ ఖర్చు అన్న మాట వెనక ఉన్నది ఇదే. అది ధర్మాసుపత్రి దయ అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. రోగి తన పూటలు, తన ఓపిక, తన నోరు ఇస్తున్నాడు. డబ్బు కాని రూపంలో ఫీజు కడుతున్నాడు.

మనదేశానికి ఈ పద్ధతిని తెచ్చిన మనిషి గురించి లైబ్రరీలో చదివినప్పుడు నాకు ఆయన మీద గొప్ప ప్రేమ పుట్టింది. రఫీయుద్దీన్ అహ్మద్ ఢాకా దగ్గర పుట్టాడు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంతవైద్య పట్టా పుచ్చుకుని, బోస్టన్‌లో పేదపిల్లల పండ్లకోసమే కట్టిన ఫోర్సిత్ ఇన్‌ఫర్మరీలో కొన్నేళ్ళు పనిచేశాడు. 1919లో తిరిగివచ్చి, మరుసటి ఏడాది కలకత్తాలో మన దేశపు తొలి దంత కళాశాల మొదలుపెట్టాడు. దాని ఖర్చుకోసం ఆయన న్యూయార్క్ సోడా ఫౌంటెన్ పేరుతో ఐస్‌క్రీము, సోడాల దుకాణం పెట్టాడు. ఆ దుకాణం లాభాలతో కాలేజీ నడిచింది. పండ్లు పాడుచేసే తీపిసరుకు అమ్మి పండ్ల వైద్యం నేర్పాడని ఎవరైనా నవ్వవచ్చు. నాకైతే చేతికి దొరికిన ఏ పనితోనైనా బడి నిలబెట్టాలనుకున్న మనిషి కనిపిస్తాడు. మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా చదివింది ఆ కాలేజీలోనే. 1925లో ఆయన దంతవైద్య పత్రిక పెట్టాడు. విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాశాడు. 1949లో ఆ కాలేజీని పశ్చిమబెంగాల్ ప్రభుత్వానికి అప్పగించాడు. 1964లో పద్మభూషణ్ వచ్చింది, మరుసటి ఏడాది పోయాడు.

ఆయన పోరాటం ఒక్క కాలేజీతో ఆగలేదు. పండ్ల వైద్యానికి చట్టం ఉండాలన్నాడు. 1939లో బెంగాల్లో అలాంటి చట్టం వచ్చింది. దేశమంతటికీ 1948లో డెంటిస్ట్స్ యాక్ట్ వచ్చింది, మరుసటి ఏడాది డెంటల్ కౌన్సిల్ ఏర్పడింది. ఆ చట్టం వచ్చేనాటికి హైదరాబాదు ఇంకా నిజాం చేతిలోనే ఉంది. ఆ చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. రిజిస్టరును రెండు భాగాలు చేశారు. చదివి పట్టా పొందినవాళ్ళు 'ఏ' భాగంలో. పట్టా లేకపోయినా చట్టానికి ముందు కనీసం అయిదేళ్ళు ఇదే జీవనోపాధిగా బతికినవాళ్ళు 'బీ' భాగంలో. పాత పనివాళ్ళను ఒక్కదెబ్బతో రోడ్డుమీద పడేయలేదు. వాళ్ళ తరం అయిపోయేదాకా బతకనిచ్చి, కొత్తగా వచ్చేవాళ్ళకు మాత్రం చదువు తప్పనిసరి చేశారు. 1921లో ఇంగ్లండు కూడా తన పాత పనివాళ్ళతో ఇలాగే వ్యవహరించింది. కాగితం మీద ఇంత న్యాయంగా ఉన్నా, సంతలో మా నాయన పన్ను లాగినతను ఏ భాగంలోనూ లేడు. రిజిస్టరు మా ఊరిదాకా రాలేదు.

దంత కళాశాలలు నెమ్మదిగా పెరిగాయి. బొంబాయిలో, లాహోరులో ముప్పైల్లో వచ్చాయి. మద్రాసు మెడికల్ కాలేజీలో 1953లో దంత విభాగం పెట్టారు. హైదరాబాదులో 1959లో పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ దంత కళాశాల అంటే చాలా ఏళ్ళు అదే. విజయవాడలో, కడపలో తర్వాత ఎప్పటికో వచ్చాయి. అందుకే ఆ ఓపీ వరండాలో అమ్మ పక్కన కూర్చున్నవాళ్ళలో ఆదిలాబాద్ మనిషి ఉన్నాడు, కర్నూలు మనిషి ఉన్నాడు. రాత్రి బస్సుల్లో వచ్చి పొద్దున చీటీ రాయించుకున్నవాళ్ళు. అందరి భాషా వేరు, నొప్పి ఒకటే.

అమ్మకు దొరికిన విద్యార్థిని చివరి ఏడాది చదువుతున్న గుంటూరు వైపు అమ్మాయి. బక్కపలచగా ఉంది, తెల్లకోటు ఆమెకన్నా పెద్దది. "పళ్ళు ఎప్పుడు ఊడాయమ్మా?" అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. మా దిక్కు పండ్లంటే పండ్లే, చెట్టుకు కాసేవీ అవే, నోట్లో మొలిచేవీ అవే. "పండ్లు" అని నేను సర్దిచెప్పాను. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి కూడా పండ్లు అనడం మొదలుపెట్టింది. అమ్మ ఆమెను బిడ్డా అనేది. ఆమె అమ్మను పెద్దమ్మా అనేది.

బయట డాక్టరు దగ్గరైతే అయిదుసార్లు పోతే సెట్టు చేతికొచ్చేది. ఇక్కడ అమ్మ పదకొండుసార్లు వచ్చింది. మా ఇంట్లోనే రెండునెలలు ఉంచుకున్నాను. మొదటిరోజు వేడినీళ్ళలో మెత్తబరిచిన గోధుమరంగు ముద్దను చిగుళ్ళ మీద అదిమి అచ్చు తీశారు. అది సరిగా రాలేదు. మళ్ళీ తీశారు. ఆ అచ్చులో సుద్ద పోసి దవడ బొమ్మ చేశారు. ఆ బొమ్మ మీద ఆమెకని ప్రత్యేకంగా ట్రే తయారుచేసి, లవంగవాసన వేసే మెత్తటి ముద్దతో రెండో అచ్చు. తర్వాత మైనపుగట్లు నోట్లో పెట్టి, పైదవడ కిందిదవడ ఎంత దూరంలో కలవాలో కొలిచారు. ప్రతి మెట్టులోనూ ఆ అమ్మాయి తన పని పట్టుకుని సారు దగ్గరికి పోయేది. సారు చూసి, వేలితో తడిమి, ఒప్పుకుంటేనే కేసుషీటు మీద సంతకం. ఒప్పుకోకపోతే మళ్ళీ మొదటికి. చివరిపరీక్షకు కూర్చోవాలంటే ఇన్ని పండ్లు తీసినట్టు, ఇన్ని పుచ్చులు పూడ్చినట్టు, ఇన్ని సెట్లు కట్టినట్టు లెక్క చూపాలి. దాన్ని వాళ్ళు కోటా అనేవాళ్ళు. వరండాలో పిల్లలు ఒకరినొకరు "నీకు సెట్టు పేషెంటు దొరికిందా?" అని అడగడం నా చెవిన పడేది. రోగికి డాక్టరు దొరకడం కష్టం అనుకుంటూ పెరిగినవాణ్ణి. డాక్టరే రోగికోసం వెతుక్కునే చోటు ఒకటుందని అక్కడ తెలుసుకున్నాను.

పండ్లరంగు ఎంచే రోజు వచ్చింది. చీపురుపుల్లల్లా వరసగా పేర్చిన నమూనాపండ్లు అమ్మ చెంపపక్కన పెట్టి చూశారు. అమ్మ అద్దంలో చూసుకుని, ఇంకా కొంచెం ముదురు రంగువి లేవా అని అడిగింది. అమ్మాయికి అర్థం కాలేదు. నేను చెప్పాల్సి వచ్చింది.

మా ఊళ్ళో ఎవరికీ తెల్లటి పండ్లు ఉండవు. నీళ్ళలో ఫ్లోరైడు. పిల్లవాడి పాలపండ్ల కింద దవడ ఎముకలో అసలుపండ్లు తయారవుతున్న వయసులో ఆ నీళ్ళు తాగితే, పన్ను పైపొర సరిగా గట్టిపడదు. పన్ను మొలిచేటప్పుడే సుద్దలాంటి మచ్చలతో మొలుస్తుంది, తర్వాత ఆ మచ్చలు గోధుమరంగుకు తిరుగుతాయి. ఎంత తోమినా పోవు. ఆరో తరగతిలో మా పంతులు నన్ను నిలబెట్టి, పండ్లు తోముకుని రమ్మని ఇంటికి పంపాడు. తోముకునే వచ్చానని చెప్పలేకపోయాను. ఆ నీళ్ళు ఎక్కువకాలం తాగినవాళ్ళకు వెన్ను, మోకాళ్ళు బిగిసిపోతాయి. మనదేశంలో ఈ జబ్బును వైద్యపత్రికలో తొలిసారి రాసింది 1937లో. షార్ట్ అనే వైద్యాధికారి, ఆయనతో మరికొందరు కలిసి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి వైపు పల్లెల్లో చూసిందంతా రాశారు. తెలుగువాళ్ళ ఎముకల మీద, పండ్ల మీద రాసిన చరిత్ర అది. తర్వాత పటిక, సున్నంతో నీళ్ళలోని ఫ్లోరైడు తగ్గించే పద్ధతి నాగపూరు శాస్త్రవేత్తలు తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టారు. మా జిల్లా పేరు ప్రపంచమంతా తిరిగింది. మంచినీళ్ళు మాత్రం చాలాకాలం మా ఇళ్ళకు రాలేదు.

ఇదంతా విని ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మ చేయి పట్టుకుని, "పెద్దమ్మా, ఇన్నేళ్ళు ఆ నీళ్ళు ఇచ్చిన రంగు పెట్టుకున్నావు. ఇప్పుడు నీకు నచ్చిన రంగు పెట్టుకో" అంది. అమ్మ చాలాసేపు అద్దం చూసింది. అన్నిటికన్నా తెల్లది కాదు, దానికి రెండు మెట్లు తక్కువది వేలుపెట్టి చూపించింది.

మైనంలో పండ్లు పేర్చి నోట్లో పెట్టి చూసే పని, ఆ ఏడాది అమ్మాయి ఆఖరి ప్రాక్టికల్ పరీక్షరోజున పడింది. పొద్దున ఎనిమిదింటికి అమ్మ కుర్చీలో ఉంది. నేను సెలవు పెట్టాను. గదిలో అయిదారు కుర్చీలు, ప్రతి కుర్చీలో ఒక బోసినోటి ముసలామో ముసలాయనో, ప్రతి ఒక్కరి పక్కన చెమటలు కక్కుతున్న పిల్ల. బయటి ఊరినుంచి వచ్చిన పరీక్షాధికారి ఒక్కో కుర్చీ దగ్గర ఆగి, రోగిని మాట్లాడమనేవాడు. పండ్లు సరైన చోట పేర్చకపోతే స అన్నప్పుడు ఈల వస్తుందట, లేదంటే పండ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతాయట. అమ్మ వంతు రాగానే ఆయన "అమ్మా, ఏ ఊరు?" అన్నాడు. అమ్మ ఊరు చెప్పింది. "పిల్లలెందరు?" "నలుగురు సారూ, ఇద్దరు సచ్చిపోయిండ్రు, ఇద్దరున్నరు." ఆయన ఒక నిమిషం ఆగి, తలూపి, సిరిసిల్ల అనమన్నాడు, సీతమ్మ అనమన్నాడు. అమ్మ అన్నది. ఈల రాలేదు. చప్పుడు రాలేదు. ఆయన పుస్తకంలో ఏదో రాసుకుని పక్క కుర్చీకి పోయాడు. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం అమ్మాయి బస్సు ఖర్చులకని ఇరవై రూపాయల నోటు అమ్మ చేతిలో పెట్టబోయింది. పరీక్షకు వచ్చే రోగులకు పిల్లలు తమ సొంత డబ్బులోంచి ఇలా ఇవ్వడం అప్పటికే మామూలు. అమ్మ ఆ నోటు మడిచి మళ్ళీ ఆమె కోటు జేబులో పెట్టింది. "నువ్వు పాసైనంక నాకు బొట్టుపెట్టు బిడ్డా" అంది.

పాసైంది. వారం తర్వాత మైనం కరిగించి, అక్రిలిక్ పోసి, వేడినీళ్ళలో ఉడికించిన అసలు సెట్టు ఇచ్చింది. నిజంగానే కుంకుమపొట్లం తెచ్చి బొట్టుపెట్టింది. ఆ రోజు అమ్మ మా ఇంట్లో జొన్నరొట్టె తిన్నది. నానబెట్టకుండా, అంచులు కొరికి తిన్నది. కింది సెట్టు కొంచెం ఒరిసి చిగురు పుండుపడితే, రెండుసార్లు పోయి ఆ చోట అరగదీయించుకుంది. ఊరికి తిరిగిపోయే బస్సులో కిటికీపక్కన కూర్చుని, నాకు చేయి ఊపుతూ నవ్వింది. కొంగు భుజం మీదే ఉంది.

దవడ ఎముక ఏళ్ళు గడిచేకొద్దీ అరిగిపోతుంది, సెట్టు వదులవుతుంది. తొమ్మిదేళ్ళకు అమ్మకు రెండోసెట్టు అవసరమైంది. మళ్ళీ అదే దవాఖాన, మరో విద్యార్థి, ఈసారి వరంగల్ అబ్బాయి. అమ్మ వాడికి మెట్లన్నీ తనే చెప్పింది. ఇప్పుడు అచ్చు తీస్తవు, ఇప్పుడు మైనం పెడతవు, గట్టిగా వత్తకు బిడ్డా, పోయినసారి అమ్మాయి మెల్లగ వత్తింది. వాడు సరేనమ్మా సరేనమ్మా అంటూ చేశాడు. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు ఇలాంటి ముసలివాళ్ళు చేతులు దిద్ది ఉంటారో. వాళ్ళ పేర్లు ఏ పట్టా మీదా ఉండవు.

తర్వాత కాలం మారిపోయింది. 1965లో మణిపాల్‌లో మొదలైన ప్రైవేటు దంత కళాశాలల వరస దేశమంతా పాకింది. ఇప్పుడు దేశంలో మూడువందలకు పైగా కాలేజీలున్నాయి, ఎక్కువ భాగం ప్రైవేటువే. భీమవరంలో ఉంది, గుంటూరులో ఉంది, ఖమ్మంలో ఉంది. మా జిల్లాలో నార్కట్‌పల్లిలోనే ఉంది. వాళ్ళ పిల్లలకూ నోళ్ళు కావాలి. కనుక చాలా కాలేజీలు పల్లెల్లో శిబిరాలు పెడతాయి, బస్సు పంపి రోగులను తీసుకుపోయి మళ్ళీ దింపుతాయి. మా ఊరి వాళ్ళు ఇప్పుడు హైదరాబాదుదాకా రానక్కరలేదు. అది మంచిదే. అయితే ఊళ్ళోకి వచ్చిన బస్సెక్కేవాడికి ఒక్క మాట తెలిసి ఉండాలని నాకు ఉంటుంది. నీ నోట్లో పని చేసేది విద్యార్థి, వెనక సంతకం పెట్టే గురువు ఉంటాడు, పూటలు ఎక్కువ పడతాయి, నచ్చకపోతే వద్దనే హక్కు నీకుంది. ఇది ముందే చెప్పి నోరు తెరవమనడం ఒక పద్ధతి. చెప్పకుండా తెరిపించడం ఇంకొకటి. నేను చూసిన మంచి గురువులందరూ ముందే చెప్పేవాళ్ళు.

నేను 2010లో రిటైరయ్యాను. గౌలిగూడ రేకుల గుమ్మటం 2018లో కూలిపోయింది. అప్పటికి చాలా ఏళ్ళ ముందే దూరపు బస్సులు ఇమ్లీబన్ బస్టాండుకు మారిపోయాయి. చింతచెట్టు ఉంది. పోయిన ఏడాది నా కుడివైపు కిందిదవడపన్ను ఇక దక్కదని తేలింది. కొడుకు పెద్ద క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంటానన్నాడు. వద్దని పండ్ల దవాఖానకు పోయాను. మళ్ళీ అదే లవంగం వాసన. చీటీ రాయించుకుని వరండాలో కూర్చున్నాను. పక్కన ఆటో నడిపే మనిషి చెంపపట్టుకుని ఉన్నాడు. నా పేరు పిలిచారు.

కుర్చీ దగ్గర నిలబడ్డ అబ్బాయికి మీసాలు కూడా సరిగా రాలేదు. సూది వేశాడు, కొంచెం ఆలస్యంగా, కొంచెం ఎక్కువ జాగ్రత్తగా. అయిదు నిమిషాలు ఆగి, "సార్, పెదవి మొద్దుబారిందా?" అని అడిగాడు. గోటితో గిల్లుకుని చూసి, బారిందన్నాను. వాడి వెనక ఒక పీజీ అమ్మాయి చేతులు కట్టుకుని చూస్తోంది. పటకారు తీసుకున్న వాడి వేళ్ళు కొద్దిగా వణికాయి.

"ఎన్నోది బాబూ?" అని అడిగాను.

వాడు పీజీ అమ్మాయివైపు చూసి, నావైపు చూసి, "నాలుగోది సార్" అన్నాడు.

"మంచిది. తొందరేమీ లేదు" అని చెప్పి, తల వెనక్కు ఆనించి నోరు తెరిచాను.